నెల తప్పింది, వేవిళ్లు లేవు... కడుపేనా?

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం: నెల తప్పిన తొలి రోజుల్లో ఏది గర్భం గుర్తు, ఏది కాదు? పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాం. ఉత్తరాలను కొంచెం కుదించాం.

చీపురుపల్లి దగ్గర ఊరి నుంచి: పెళ్లై ఎనిమిది నెలలు. నాకు నెలసరి 28 రోజులకి ఠంచనుగా వచ్చేస్తుంది. ఈసారి నాలుగు రోజులు దాటింది. వాంతులు లేవు, పులుపు తినాలనీ లేదు. రొమ్ములు మాత్రం తగిలితే చాలు నొప్పి. "వేవిళ్లు లేకండా కడుపేటి, వేడి చేసుంటాది, మజ్జిగ తాగు" అంటున్నారు మా అత్త. ఇంకెన్నాళ్లు చూడాలి?

ఇంక చూడక్కర్లేదమ్మా. రేపు పొద్దున్నే పరీక్ష చేసుకోండి.

వేవిళ్లు గర్భానికి మొదటి గుర్తు కాదు. మీలాగా 28 రోజుల చక్రం ఉన్నవాళ్లకు 14వ రోజు అటూఇటూగా అండం విడుదలవుతుంది. అది ఫలించి, గర్భసంచి గోడలో నాటుకోవడానికి మరో ఆరు నుంచి పది రోజులు పడుతుంది. నాటుకున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోను రక్తంలోకి రావడం మొదలవుతుంది. మొదట్లో రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. నెలసరి రావలసిన రోజుకు మూత్రంలో కూడా కనిపించేంత చేరుతుంది. వికారం, వాంతులు సాధారణంగా ఆరో వారంలో, అంటే నెల తప్పిన రెండు వారాలకు మొదలవుతాయి. తొమ్మిదో వారం ప్రాంతంలో ఉధృతంగా ఉండి, నాలుగో నెలలో సర్దుకుంటాయి. కొందరికి అసలే రావు. రాకపోయినంత మాత్రాన కడుపు కాదనీ కాదు, బిడ్డకు లోపమనీ కాదు.

రొమ్ముల నొప్పి నెలసరి ముందు కూడా ఉంటుంది, అందుకే చాలామంది పొరపడతారు. నెలసరి ముందొచ్చే నొప్పి ముట్టు కాగానే తగ్గిపోతుంది. గర్భంలో అయితే రోజురోజుకీ పెరుగుతుంది. ఇంకో రెండు మూడు వారాలకు చనుమొన చుట్టూ ఉండే వలయం ముదురు రంగుకు తిరుగుతుంది, దాని మీద ఆవగింజల్లాంటి చిన్న బుడిపెలు తేలతాయి. మధ్యాహ్నం కాగానే కళ్లు మూతలు పడిపోవడం, మాటిమాటికీ మూత్రానికి లేవడం, నిన్నటిదాకా ఇష్టమైన ఎండు చేపల పులుసు వాసన ఈరోజు పడకపోవడం, మలబద్ధకం... ఇవీ తొలి గుర్తులే. వీటిలో ఏ ఒక్కటీ విడిగా రుజువు కాదు. తేదీ దాటడంతో కలిపి చూస్తే అనుమానం బలపడుతుంది, తేల్చేది పరీక్షే.

మజ్జిగ తాగితే నష్టమేమీ లేదు. వాంతుల కోసం ఎదురుచూస్తూ రెండు వారాలు పోగొట్టుకుంటేనే నష్టం. బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం ఫలదీకరణ జరిగిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. అంటే ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తే ఆరో వారానికల్లా. ఆ పని సరిగా జరగాలంటే ఫోలిక్ ఆమ్లం ముందే ఒంట్లో ఉండాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే వేసుకోవడం మేలు, వేసుకోకపోతే పరీక్షలో తేలిన రోజే మొదలుపెట్టండి. మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అది అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు, మధుమేహం ఉన్నవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు డాక్టరు రాసే మోతాదు.

నెలసరి 35, 40 రోజులకు, ఒక్కోసారి రెండు నెలలకు వచ్చేవాళ్లు "తేదీ దాటింది" అన్న లెక్క పెట్టుకోలేరు. అలాంటివాళ్లు కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగి పరీక్ష చేసుకుంటే ఫలితాన్ని నమ్మవచ్చు.

నరసన్నపేట నుంచి: కిట్ తెచ్చి చేశాను. ఒక గీత ఎర్రగా వచ్చింది, రెండోది ఉందా లేదా అన్నట్టుంది. లేదనుకుని పడేశాను. సాయంత్రం మా ఆయన తీసి చూస్తే రెండు గీతలున్నాయట. ఏది నమ్మాలి?

సాయంత్రం కనిపించినదాన్ని నమ్మకండి. పొద్దున్న ఐదు నిమిషాల్లోపు లేత గులాబీ గీత కనిపించి ఉంటే మాత్రం అది ఉన్నట్టే లెక్క.

కిట్ పనిచేసే తీరు ఇది. గుండ్రటి గుంటలో మూత్రం వేస్తే అది కాగితం పట్టీ మీదుగా పాకుతుంది. టి అన్న చోట హెచ్‌సీజీని పట్టుకునే మందు, సి అన్న చోట పట్టీ బాగుందని చెప్పే మందు పూసి ఉంటాయి. సి మాత్రమే వస్తే లేదు, సి, టి రెండూ వస్తే ఉంది. సి రాకపోతే టి వచ్చినా ఆ కిట్ చెల్లదు, ఇంకోటి తీసుకోవాలి. టి గీత ఎంత లేతగా ఉన్నా, రంగుంటే ఉన్నట్టే. హార్మోను ఇంకా కొద్దిగానే ఉందని దానర్థం. పది నిమిషాలు దాటాక తడి ఆరిపోతూ టి చోట బూడిద రంగు చార మిగలవచ్చు. మీ ఆయన చూసింది అదీ కావచ్చు, నిజం గీతా కావచ్చు. ఆరిన కిట్‌తో అది తేలదు.

మళ్లీ చేసుకోండి, ఈసారి ఇలా. రాత్రి పడుకునే ముందు చెంబెడు నీళ్లు తాగొద్దు, మూత్రం పలచబడితే గీత తేలిపోతుంది. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని, సబ్బు తడి లేని పొడి గ్లాసులో పట్టండి. కవరు మీద గడువు తేదీ చూసి, అప్పుడే చించండి. ముందే చించి గూట్లో పెడితే మన తీరప్రాంతపు తేమకు పట్టీ పాడవుతుంది. కిట్‌ను బల్ల మీద పడుకోబెట్టి, లోపలుండే చిన్న గొట్టంతో కవరు మీద రాసినన్ని చుక్కలే, అంటే రెండో మూడో, గుంటలో నిదానంగా వేయండి. ఎక్కువ పోస్తే పట్టీ ముంపుకు గురై గీతలు చెదిరిపోతాయి. గడియారం చూసుకుని ఐదో నిమిషంలో చదవండి, పదో నిమిషం దాటాక చూడొద్దు.

ఈసారీ లేతగానే ఉంటే 48 గంటలాగి మరొకటి చేయండి. మామూలుగా పెరుగుతున్న గర్భమైతే గీత ముదురుతుంది. లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారానికి మళ్లీ చేయాలి. పిల్లల కోసం చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకు రెండు వారాలదాకా కిట్ తప్పుగా ఉన్నట్టు చూపించవచ్చు. మామూలు జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్‌ల వల్ల ఫలితం మారదు.

"నిశ్చయ్" అనే కిట్ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడకండి, అది మీకోసమే ఇచ్చింది.

రాజాం నుంచి: ఫిబ్రవరి 14న పెళ్లయింది. మార్చి 24న స్కాన్ తీస్తే ఏడు వారాలు అని రాశారు. పెళ్లై అయిదు వారాలే కదా అని మా అత్తవారింట్లో గుసగుసలు. మా ఆయన మాట్లాడటం మానేశారు. నేనేం తప్పూ చేయలేదు. ఆ రిపోర్టు తప్పా?

రిపోర్టు తప్పు కాదు తల్లీ, మీదీ తప్పు కాదు. తప్పు లెక్క అర్థం చేసుకోవడంలో ఉంది. ఈ జవాబు మీ ఆయన చేత చదివించండి.

అండం ఏ రోజు ఫలించిందో బయటికి కనిపించదు కాబట్టి, ప్రపంచంలో ఏ డాక్టరైనా గర్భాన్ని ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచే లెక్కిస్తారు. అంటే ప్రతి గర్భవతి లెక్కలోనూ, కలవకముందే గడిచిన రెండు వారాలు కలిసి ఉంటాయి. మీ ఉత్తరంలో ఆఖరి నెలసరి ఫిబ్రవరి 3న మొదలైందని రాశారు. అక్కడి నుంచి మార్చి 24కు 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. అండం విడుదలయ్యే 14వ రోజు ఫిబ్రవరి 16, 17 ప్రాంతం, అంటే పెళ్లయిన రెండు మూడు రోజులకు. బిడ్డ అసలు వయసు అయిదు వారాలు, కాగితం మీద వయసు ఏడు వారాలు. రెండూ ఒకే నిజం. స్కాన్ యంత్రం బిడ్డ పొడవు కొలిచి, నెలసరి లెక్కలోకి మార్చి వారాలు చూపిస్తుంది, అందుకే అందులోనూ ఏడనే వస్తుంది. ఈ వయసులో కొలతకు నాలుగైదు రోజులు అటూఇటూ తేడా ఉండటం మామూలే.

పెళ్లయ్యాక ఒక్క ముట్టూ కాకుండానే నీళ్లోసుకున్న ప్రతి అమ్మాయికీ పెళ్లిరోజుకన్నా వారాలు ఎక్కువే పడతాయి. అలా పడకపోతేనే ఆశ్చర్యపోవాలి. అనుమానం తీరకపోతే మీ ఆయన్ని వెంటబెట్టుకుని స్కాన్ రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లండి, క్యాలెండరు ముందు పెట్టి చూపించమని అడగండి. అయిదు నిమిషాల పని. ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటే, తిండి పెట్టకుండా బాధపెడితే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

కాన్పు తేదీ కూడా ఈ లెక్కే. ఆఖరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలపాలి. కనుమ మర్నాడు, జనవరి 17న అయినవాళ్లకు అక్టోబరు 24. చాలామంది ముట్టు ఆగిన రోజునో, తలస్నానం చేసిన రోజునో చెబుతారు. అయిదు రోజుల తేడా అక్కడే వచ్చేస్తుంది. మొదలైన రోజు చెప్పండి. తేదీ గుర్తులేకపోతే రథసప్తమికి ఎన్నాళ్ల ముందో, ఉగాదికి ఎన్నాళ్ల తర్వాతో చెప్పినా క్యాలెండరు చూసి తేల్చవచ్చు.

నెల్లిమర్ల నుంచి: నెలసరి తేదీకి మూడు రోజుల ముందు చిన్నగా ఎర్రమరక కనిపించింది, రోజున్నరకు ఆగిపోయింది. దాన్ని ముట్టుగా లెక్కేయాలా?

మీకు మామూలుగా నాలుగైదు రోజులు గుడ్డలు మార్చేంత అవుతుంటే, ఈ మరకను ముట్టుగా లెక్కేయకండి. పిండం గర్భసంచి గోడలో నాటుకునే రోజుల్లో కొందరికి గులాబీ రంగులోనో, గోధుమ రంగులోనో కొద్దిగా మరక కనిపిస్తుంది. గడ్డలు పడవు, ప్యాడ్ తడవదు. దీన్నే ఆ నెల ముట్టు అనుకుంటే గర్భం లెక్క నాలుగు వారాలు వెనక్కి పోతుంది, ఆఖర్లో "నెలలు నిండలేదు" అని పొరపడే ప్రమాదం ఉంటుంది. తేదీ దాటిన రోజు పరీక్ష చేసుకోండి. ఉన్నట్టు తేలాక మళ్లీ ఎరుపు కనిపిస్తే, ఎంత కొంచెమైనా డాక్టరుకు చూపించాలి.

విజయనగరం నుంచి: సిరిమాను పండగకి బయట చేరే రోజులు పడతాయని, తొలేళ్లకి, అంటే సిరిమాను ముందురోజుకి, నాలుగు రోజుల ముందు నుంచి నెలసరి వెనక్కి జరిపే మాత్రలు రోజుకు మూడు చొప్పున వారం వేసుకున్నాను. ఆపి పన్నెండు రోజులైంది, ఇంకా రాలేదు. మాత్రల వేడికేనా?

ఆ మాత్రలు ఆపిన రెండు మూడు రోజుల్లో, ఆలస్యమైతే వారంలో ముట్టు వచ్చేయాలి. పన్నెండు రోజులంటే ముందు చూడాల్సింది గర్భమే.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఈ నోరెథిస్టెరాన్ మాత్ర నెలసరిని ఆపుతుంది గానీ, ఇలా నాలుగు రోజుల ముందు మొదలుపెడితే గర్భాన్ని ఆపదు. మీరు మొదలుపెట్టేనాటికే అండం విడుదలై పది రోజులయి ఉంటుంది. రేపు పరీక్ష చేయండి. లేదని వస్తే వారానికి మళ్లీ. అప్పుడూ లేదంటే, ముట్టూ రాకపోతే డాక్టరుకు చూపించండి, థైరాయిడ్ వంటివి చూడాలి.

ఉన్నట్టు తేలితే, తెలియక వారం రోజులు వేసుకున్న మాత్రల వల్ల బిడ్డ పాడైపోయిందని కడుపు తీయించుకోవాల్సిన అవసరం లేదు. మాత్ర పేరు, ఎన్ని వేసుకున్నారో, ఏ తేదీల్లోనో కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. ఇకమీదట పండగకైనా, పెళ్లికైనా ఈ మాత్రలు వేసుకోవాలంటే ముందు డాక్టర్ని అడగండి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు.

దీనికి తోడు ఇంకో మాట చెప్పాలి. నెల తప్పగానే షాపులో అడిగి "నెల దింపే" మాత్రలు వేసుకోవడం మన ఊళ్లలో ఎక్కువవుతోంది. గర్భం ట్యూబులో (అండం సంచిలోకి వచ్చే దారిలో) ఉందో, గర్భసంచిలో ఉందో చూడకుండా ఆ మాత్రలు వేసుకుంటే, ట్యూబులో ఉన్నది అలాగే పెరిగి పగులుతుంది. రక్తస్రావాన్ని "మాత్ర పనిచేస్తోంది" అనుకుంటూ కూర్చుంటారు, ప్రాణం మీదికి వస్తుంది. గర్భం వద్దనుకుంటే చట్టప్రకారం అర్హత ఉన్న డాక్టరు దగ్గర చేయించుకోవచ్చు. మాత్రలతో అయితే తొమ్మిది వారాల్లోపు. 18 ఏళ్లు నిండిన స్త్రీ తన సంతకంతోనే చేయించుకోవచ్చు, భర్త సంతకం అక్కర్లేదు. మీ పేరు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది.

పలాస నుంచి: జీడిపప్పు పని చేస్తాను. రెండో నెల. పిక్కలు వేపే పొగ తగిలితే చాలు వాంతి. నీళ్లు తాగినా నిలవడం లేదు. ఇది మామూలేనా?

వాసనకు వాంతి మామూలే. నీళ్లు కూడా నిలవకపోవడం మామూలు కాదు.

ముందు ఇవి చూసుకోండి. ఎనిమిది గంటలుగా మూత్రం రాలేదా? వచ్చినా ముదురు పసుపు రంగులో ఉందా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? నెల తప్పకముందు 50 కిలోలున్నవారు 47.5 కిలోల కిందికి దిగారా? వీటిలో ఒక్కటి ఉన్నా ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. మూత్రంలో కీటోన్లు చూస్తారు, సెలైన్ పెడతారు. స్కాన్ కూడా అడగండి. కవలలున్నా, ముత్యాల గర్భం (బిడ్డ సరిగా ఏర్పడక సంచిలో బుడగలు పెరిగేది) ఉన్నా వాంతులు ఇలా విపరీతంగా ఉంటాయి.

ఇవేవీ లేకపోతే ఇంట్లో చేయగలిగినవి చాలా ఉన్నాయి. రాత్రి తలగడ పక్కన డబ్బాలో గుప్పెడు మరమరాలు పెట్టుకోండి. పొద్దున కళ్లు తెరవగానే, మంచం దిగకముందే నాలుగు గింజలు నమిలి, పావుగంట అలాగే పడుకుని లేవండి. ఖాళీ కడుపే వికారాన్ని పెంచుతుంది. రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు తినండి, పళ్లెం నిండా వద్దు. వేడి అన్నం ఆవిరికి వికారం వస్తుంది, చల్లారిన చోడి అంబలి, పెరుగన్నం, ఉడికించిన దుంపలు నిలుస్తాయి. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, మధ్య మధ్యలో రెండేసి గుక్కలు తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి, రోజంతా చెంచాలతో తాగితే నిలుస్తుంది. అరగ్లాసు నీళ్లతో కలిపితే ఉప్పు ఎక్కువై మళ్లీ వాంతవుతుంది. అల్లం ముక్క నీళ్లలో మరిగించి తాగినా కొందరికి తగ్గుతుంది.

ఐరన్ మాత్ర ఇప్పుడే వేసుకుంటుంటే డాక్టర్ని అడిగి ఆపండి. మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తారు, ఐరన్ వాంతుల్ని పెంచుతుంది, నాలుగో నెల నుంచి మొదలవుతుంది. డాక్సిలమైన్, పైరిడాక్సిన్ కలిసిన మాత్ర గర్భంలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నదే. రాత్రి వేసుకుంటే పొద్దుటి వాంతులకు పనిచేస్తుంది, మగత వస్తుంది. డాక్టరు రాస్తే భయపడకండి.

పని మానేసే స్తోమత అందరికీ ఉండదు. వేపే చోటు నుంచి పొట్టు తీసే చోటికో, గుళ్లు ఏరే చోటికో మార్చమని యజమానిని అడగండి. జీడి నూనె చేతులకు అంటకుండా చూసుకోండి.

కవిటి మండలం నుంచి: మాది ఉద్దానం. మా నాన్నకు, మేనమామకు కిడ్నీ జబ్బు. నాకు నెల తప్పి పది రోజులు, పరీక్షలో ఉందని వచ్చింది. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాను. నాకూ కిడ్నీ జబ్బు మొదలైందా అని భయంగా ఉంది.

మూత్రానికి ఎక్కువసార్లు లేవడం తొలి నెలల్లో మామూలు గుర్తే. కిడ్నీలకు చేరే రక్తం బాగా పెరుగుతుంది, అవి ఎక్కువ వడగడతాయి. పెరుగుతున్న గర్భసంచి మూత్రాశయం మీద ఆనుతుంది. మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే అది ఇన్ఫెక్షన్, వెంటనే చూపించాలి.

అయితే మీ భయాన్ని కొట్టిపారేయం. ఉద్దానంలో ఈ జబ్బు చాలాకాలం ఏ గుర్తూ లేకుండా పెరుగుతుంది కాబట్టి, మొదటిసారి చూపించుకున్నప్పుడే బీపీ, మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి పంపే వ్యర్థం) మూడూ చేయించండి. ఇక్కడొక చిక్కుంది. గర్భంలో క్రియాటినిన్ తగ్గి, సాధారణంగా 0.4 నుంచి 0.8 మధ్య ఉంటుంది. ల్యాబ్ కాగితం మీద మాత్రం అందరికీ వేసే హద్దే, 1.1 అనో 1.2 అనో ఉంటుంది. మీకు 1.0 వస్తే కాగితం "నార్మల్" అంటుంది, గర్భవతికి అది ఎక్కువే. "నేను గర్భవతిని, మా ఇంట్లో కిడ్నీ జబ్బుంది" అని డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి. అవసరమైతే పలాస కిడ్నీ ఆసుపత్రికి పంపుతారు.

ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వద్దు, పారాసిటమాల్ 500 చాలు. మీకు ఇప్పటికే బీపీ మాత్రలుంటే, ముఖ్యంగా ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివైతే, సొంతంగా ఆపకుండా అదే రోజు డాక్టర్ని కలిసి మార్పించుకోండి. అవి బిడ్డ కిడ్నీలకు చేటు.

ఆమదాలవలస నుంచి: ఇద్దరు పిల్లలు. ఆపరేషన్ అయి ఆరేళ్లు. నెల తప్పి రెండు వారాలు. ఆపరేషన్ అయింది కదా అని పట్టించుకోలేదు. నిన్నటి నుంచి పొత్తికడుపు కుడిపక్క నొప్పి, కొంచెం నల్లటి మరక.

ఈ ఉత్తరం అందిన రోజే ఆమెకు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లమన్నాం. అందరికీ తెలియాలని ఇక్కడ వేస్తున్నాం.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అరుదుగానైనా విఫలమవుతుంది. ముడివేసిన ట్యూబులో ఏళ్లు గడిచాక సన్నటి దారి తెరుచుకోవచ్చు. ఆ సందులోంచి వీర్యకణం దూరగలదు గానీ, ఫలించిన అండం అంత సన్నటి దారిలో వెనక్కి సంచిలోకి రాలేక ట్యూబులోనే నాటుకుంటుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే గర్భాల్లో మూడింట ఒకటి దాకా ఇలా ట్యూబులోనివే. ట్యూబు సాగలేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పగిలి, కడుపులోపలే రక్తం కారుతుంది. బయటికి కనిపించేది చిన్న మరకే.

కాబట్టి ఆపరేషన్ అయినా, లూపు ఉన్నా, నెల తప్పితే పరీక్ష చేసుకోవాల్సిందే. కిట్‌లో ఉందని తేలి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, మరక, భుజం పైన గుచ్చినట్టు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం... వీటిలో ఏదున్నా రేపటిదాకా ఆగొద్దు. కడుపులో కారిన రక్తం ఊపిరితిత్తుల కిందనున్న పొరను రెచ్చగొట్టడం వల్ల నొప్పి భుజంలో తెలుస్తుంది, దాన్ని వాయువు అనుకుని వాము నీళ్లు తాగి పడుకున్నవాళ్లున్నారు. 108కి ఫోన్ చేసి "గర్భం, కడుపునొప్పి, కళ్లు తిరుగుతున్నాయి" అని చెప్పండి. దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో, విజయనగరం ఘోషాసుపత్రిలో స్త్రీల డాక్టర్లు ఉంటారు. ముందుగా, పగలకముందే వస్తే కొందరికి ఇంజెక్షన్‌తోనే సరిపోతుంది.

బొబ్బిలి నుంచి: బాబుకు ఏడో నెల. పాలిస్తున్నాను. కాన్పయ్యాక ఇంకా ముట్టు రాలేదు. పాలిచ్చినన్నాళ్లూ కడుపు రాదంటారు. కానీ వారం నుంచి వికారంగా ఉంది.

ఆ మాట నిజమవ్వాలంటే మూడూ ఉండాలి: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, ముట్టు తిరిగి రాకూడదు, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేదీ పెట్టకూడదు. మీ బాబుకు ఏడో నెల, అన్నప్రాసన అయి ఉంటుంది. ఆ రక్షణ పోయినట్టే. పైగా ముట్టు కన్నా ముందే అండం విడుదలవుతుంది, అందుకే ఒక్క ముట్టూ చూడకుండానే రెండో కడుపుతో ఉన్నవాళ్లు చాలామంది. ఇలాంటప్పుడు తప్పడానికి నెల లేదు కాబట్టి వేరే గుర్తుల మీద ఆధారపడాలి: పాలు తగ్గడం, చనుమొనలు నొప్పిగా ఉండటం, పిల్లాడు రొమ్ము పట్టి విదిలించేయడం. పరీక్ష చేయండి, లేదని వస్తే రెండు వారాలకు మళ్లీ చేయండి. ఉన్నా పాలు మాన్పించాల్సిన పని లేదు. ఎన్ని వారాలో నెలసరితో తేలదు కాబట్టి స్కాన్ తప్పనిసరి.

రెండేసి మాటల్లో

*నాడి చూసి చెబుతారా (గజపతినగరం)?* గర్భంలో గుండె వేగం పెరుగుతుంది, జ్వరానికీ, రక్తహీనతకూ పెరుగుతుంది. నాడితో తేలదు.

*మూత్రంలో ఉప్పు, సబ్బు వేస్తే పొంగు వస్తుందట (ఎచ్చెర్ల)?* ఎవరి మూత్రానికైనా వస్తుంది. నమ్మొద్దు.

*తెలియక ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నాను (ఇచ్ఛాపురం).* కడుపుకు చేరే కిరణాలు అతి స్వల్పం. బెంగ వద్దు, డాక్టరుకు చెప్పండి చాలు.

*బొప్పాయి (సంతకవిటి)?* బాగా పండినది తినొచ్చు. పచ్చికాయలో పాలు ఉంటాయి, అది మానండి.

టెక్కలి నుంచి: పరీక్షలో ఉందని తేలింది, ఆరో వారం. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదు, దిష్టి తగులుతుంది అంటోంది మా అమ్మ. ఆశాకి కూడా చెప్పొద్దంటోంది. ఆసుపత్రికి అప్పుడు వెళ్తే సరిపోదా?

మీ అమ్మగారి భయం ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలుసు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాలు ఎక్కువ, చెప్పుకున్నాక పోతే నలుగురి నోళ్లలో పడాలి. ఊరికి చెప్పకండి, అది మీ ఇష్టం. ఆశాకీ, ఏఎన్ఎమ్ నర్సమ్మకీ, డాక్టరుకూ మాత్రం ఈ వారమే చెప్పండి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండంలోనే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. అందులో దిష్టికీ, చెప్పడానికీ, మీ నడకకూ సంబంధం లేదు. మూడు నెలలు దాచితే పోయేది ఫోలిక్ ఆమ్లం కావాల్సిన కాలం, ఇందాక చీపురుపల్లి చెల్లికి చెప్పింది అదే.

మొదటి రోజు చేయాల్సిన పరీక్షలు ఇవి: బరువు, బీపీ, హిమోగ్లోబిన్, రక్తపు గ్రూపు, మూత్రంలో ప్రోటీన్, చక్కెర, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చక్కెర. ఆ చక్కెర 140 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గర్భంలో వచ్చే మధుమేహం. గ్రూపు నెగెటివ్ అయితే మీ ఆయన గ్రూపు కూడా చూడాలి. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే ఇప్పుడే తెలిస్తే మాత్రలతో సరిదిద్దడానికి ఏడు నెలలు చేతిలో ఉంటాయి, ఎనిమిదో నెలలో తెలిస్తే రక్తం ఎక్కించాల్సి రావచ్చు. ధనుర్వాతం టీకా మొదటి డోసు తొందరగా, రెండోది నాలుగు వారాలకు. గుండె చప్పుడు పొట్ట మీది స్కాన్‌లో ఏడో వారానికి కనిపిస్తుంది, ఆరో వారంలో కనిపించలేదని కంగారు పడొద్దు, వారం పది రోజులాగి మళ్లీ చూడాలి.

తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద రెండు విడతల్లో వచ్చే 5,000 రూపాయలకూ పేరు నమోదు, వైద్య పరీక్ష తప్పనిసరి. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు.

వెళ్లేటప్పుడు ఆధార్, బ్యాంకు పుస్తకంతో పాటు వాడుతున్న మాత్రల అట్టలు కూడా సంచిలో వేసుకోండి. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఇస్తారు. అందులో ఆఖరి నెలసరి మొదటి రోజు అన్న గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలేసినా, అంచనాగా రాసినా అక్కడే ఆపి, మీ తేదీ చెప్పి సరిగ్గా రాయించుకోండి.